వజ్రకరూరులో అగ్నిపర్వతం ఉండేదా?

ప్రశ్న: అనంతపురం జిల్లా వజ్రకరూరులోని కింబర్లైట్ (వజ్రాలు దొరికే అగ్నిపర్వత శిల) గొట్టాలు పాత అగ్నిపర్వతాలేనంటారు. మరి అక్కడ కొండ, బిలం ఏవీ కనిపించవేం? పొలంలో ఆ రాయిని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు 1: అవునండీ, అగ్నిపర్వతాల వేర్లే అవి. వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. పైనున్న కొండ, బిలం ఎప్పుడో కోతకు గురై కొట్టుకుపోయాయి. మిగిలింది అడుగు గొట్టమే. 150 కి.మీ. కంటే లోతు నుంచి వాయువులతో వేగంగా ఎగదన్నిన మాగ్మా (కరిగిన రాతి ద్రవం) దారిలో వజ్రాలను మోసుకొచ్చింది. నెమ్మదిగా వచ్చి ఉంటే అవి గ్రాఫైట్‌గా మారిపోయేవి.

కింబర్లైట్ మెత్తని రాయి, త్వరగా పాడవుతుంది. పైన పసుపు మట్టి, కింద నీలి-ఆకుపచ్చ రాయి ఉంటాయి. చాలాచోట్ల సున్నపు గడ్డలు కప్పేస్తాయి, అందుకే కంటికి దొరకదు.

జవాబు 2: రాయికంటే ముందు దానితో పాటు వచ్చే ఖనిజాలను వెతకండి. వాగు మలుపులో, బండల వెనక పేరుకున్న కంకర తీసుకుని 2 మి.మీ. జల్లెడ పట్టి, పళ్లెంలో నీళ్లతో కడగండి. అడుగున మిగిలే బరువైన ఇసుకలోంచి అయస్కాంతంతో మాగ్నటైట్ తీసేసి, లెన్సుతో చూడండి: ఊదా ఛాయ ఉన్న ఎర్రటి పైరోప్ గార్నెట్, పచ్చ రంగు క్రోమ్ డయాప్సైడ్, నల్లటి ఇల్మనైట్.

ఎక్కువమంది పొరబడేది గార్నెట్ దగ్గరే. నైస్ (చారల బండరాయి) రాళ్లలో ఉండే ఆల్మండైన్ అనే మరో రకం గార్నెట్ కూడా ఎర్రగానే ఉంటుంది, కాకపోతే గోధుమ ఛాయతో. ల్యాబ్‌లో క్రోమియం ఎంత ఉందో చూస్తేనే ఏదేదో తేలుతుంది.

జవాబు 1: ఇంకొకటి. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వానలకు వజ్రం తేలిందంటే కింద గొట్టం ఉన్నట్టు కాదు. ప్రవాహాలు దూరం మోసుకెళ్తాయి. పైరోప్ ఎగువ వాగుల్లో ఎక్కడ హఠాత్తుగా ఆగిపోతుందో గుర్తించండి. గొట్టం ఆ చుట్టుపక్కలే ఉంటుంది.