78 ఏళ్ల అమ్మకు లోతుగా కాలింది, స్కిన్ గ్రాఫ్టింగ్ చేయించాలా వద్దా?

వానచినుకు:
మరుగుతున్న నీళ్లు మీద పడి అమ్మకు కుడి తొడ, పొత్తికడుపు కాలాయి. ఒంట్లో 12 శాతం అన్నారు, అందులో సగానికి పైగా బాగా లోతట. షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశారు కాబట్టి రక్తం పల్చబడే మాత్రలు కూడా వాడుతోంది. కాలిన చర్మం తీసేసి గ్రాఫ్టింగ్ (ఒంట్లో వేరేచోటి నుంచి చర్మం తీసి అక్కడ అతికించడం) చేద్దామని డాక్టర్లు అంటున్నారు. అన్నయ్యేమో ఈ వయసులో మత్తు తట్టుకోలేదు, డ్రెస్సింగులతోనే మానిపోతుంది, లోతుగా ఉన్నచోట నొప్పి కూడా లేదుగా అంటున్నాడు. నిన్న రాత్రి నుంచి అమ్మ నన్ను గుర్తుపట్టడం లేదు, ఏదేదో మాట్లాడుతోంది. జ్వరమైతే లేదు. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

రాత్రిడ్యూటీ:
బర్న్స్ వార్డులో నర్సుని. గ్రాఫ్టింగ్ సంగతి తర్వాత, ముందు ఆ మతిలేని మాటల గురించి ఇప్పుడే డ్యూటీ డాక్టరుకు చెప్పండి, పొద్దున రౌండ్స్ దాకా ఆగొద్దు. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ ఒంట్లోకి పాకితే జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడినా చల్లబడుతుంది, ముందు తేడా కనిపించేది మనిషి తీరులోనే. షుగర్ పడిపోయినా, సోడియం తగ్గినా, ఆక్సిజన్ చాలకపోయినా, నొప్పి మందు ఎక్కువైనా ఇలాగే అవుతుంది. నొప్పికి సరిగ్గా మందు అందకపోయినా అంతే. ఏది కారణమో పరీక్షలు చేస్తేనే తెలుస్తుంది, "వయసు కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే పెట్టండి, తెలిసిన గొంతు ఒకటి పక్కన ఉండాలి.

చర్మవైద్యం:
ప్లాస్టిక్ సర్జన్‌ని. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదండీ, నరాల కొసలు కూడా కాలిపోయాయని అర్థం. అంత లోతుగా కాలితే కొత్త చర్మం పుట్టడానికి అడుగున ఏమీ మిగలదు, అంచుల నుంచే పాకాలి, పెద్దవాళ్ల చర్మం పలచన కాబట్టి అది మరీ నెమ్మది. మూడు వారాల్లో మానదు అనిపించిన గాయాన్ని అలాగే వదిలేస్తే అన్నాళ్లూ అది సూక్ష్మజీవులకు దారి, పైగా ప్రొటీన్ కారిపోతూ ఉంటుంది. మంచం మీద గడిపే ప్రతి వారం ఊపిరితిత్తులకూ కండకూ నష్టమే.

మీ అన్నయ్య భయంలో నిజం లేకపోలేదు. వయసునూ కాలిన శాతాన్నీ కూడి ప్రమాదాన్ని అంచనా వేసే బో (Baux) స్కోర్ అని ఒకటుంది, అమ్మగారికి 90 వస్తుంది. పొగ పీల్చి ఉంటే ఇంకో 17 కలుపుతారు, ఇక్కడ అది లేదు. 30 ఏళ్ల మనిషికి 90 రావాలంటే ఒళ్లు 60 శాతం కాలాలి, అంటే ఇది చిన్న గాయం కాదు. కానీ ఆ ప్రమాదం ఆపరేషన్ మానేస్తే పోయేది కాదు. అడగాల్సింది ఇవి: ఒకేసారి కాకుండా విడతలుగా చేస్తారా, రక్తం ఎంత పోవచ్చు, చర్మం ఎక్కడి నుంచి తీస్తారు (ఆ చోటు మానడం కూడా ఆలస్యమే), రక్తం పల్చబడే మాత్రల విషయంలో గుండె డాక్టరు ఏమన్నారు. స్టెంట్ ఉంది కాబట్టి ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

తామరాకు:
మా మామగారికి ఇలాగే అయితే నేనే దగ్గరుండి చూసుకున్నాను. సర్జరీ కంటే తిండి పెద్ద సమస్య అయింది. రోజుకు కిలో బరువుకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రొటీన్ అన్నారు, 50 కిలోల మనిషికి 75 నుంచి 100 గ్రాములు. నాలుగు ముద్దలు కూడా తినని మనిషికి అంత నోటితో ఎక్కదు, ముక్కు గొట్టం వేస్తామంటే భయపడి వద్దనకండి. కిడ్నీ ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి. ఇంకోటి, సుఖంగా ఉంటుందని మోకాళ్ల కింద దిండు పెట్టకండి, తొడ మీద గాయం ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. కాలు చాపి ఉంచడం, ఫిజియోథెరపీ, ఏడ్చినా సరే రోజూ చేయించాలి, కాకపోతే నొప్పి మందు ఇచ్చాకే.

వానచినుకు:
డ్యూటీ డాక్టరుకు చెప్పాను, వెంటనే వచ్చి చూశారు. మూత్రం తగ్గిందట, సోడియం కూడా తక్కువే, సెలైన్ మార్చారు, ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి రక్తం కల్చర్‌కి పంపారు. సాయంత్రానికి కాస్త తెలివిలోకి వచ్చి నా పేరు పిలిచింది. నొప్పి లేకపోవడం గురించి అన్నయ్యకు చదివి వినిపించాను, రేపు సర్జన్‌తో మాట్లాడతానన్నాడు.

చర్మవైద్యం:
మంచిది. ఆ మాటల్లో అమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. తెలివిగా ఉన్న పూటే అడగండి, తనకు ఏం కావాలో, మళ్లీ లేచి నడవడం కోసం ఎంత దాకా ఓర్చుకుంటారో. సంతకం ఎవరు పెట్టినా నిర్ణయం మొదట ఆవిడది.