పాపువా న్యూగినీ కొండపల్లెలకు చిన్న విమానాల్లో వైద్యం: అంత అడవిలో దిగేదెలా?

ప్రశ్న:
మాది పాడేరు వైపు ఏజెన్సీ. కాన్పు కష్టమైన తల్లులను డోలీలో కొండ దింపడం చూస్తూ పెరిగాను. రోడ్డే లేని పాపువా న్యూగినీ పల్లెలకు మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అనే క్రైస్తవ సేవాసంస్థ 1951 నుంచి చిన్న విమానాలు నడుపుతోందని చదివాను. దట్టమైన అడవిలో, కొండవాలులో విమానం ఎలా దిగుతుంది? హెలికాప్టర్ మేలు కాదా?

జవాబు (విమాన మరమ్మతుల ఇంజనీరు):
అక్కడి రన్‌వేలు చాలావరకు ఊరివాళ్లు పారలతో చదును చేసుకున్న గడ్డినేలలే. పొడవు చాలదు కనుక కొండవాలునే బ్రేకుగా వాడుకుంటారు: ఎగువ వైపుకు దిగుతారు, దిగువ వైపుకు లేస్తారు. కొన్నిచోట్ల వాలు 10 శాతం దాటుతుంది. ఎదురుగా కొండ నిలబడి ఉంటుంది కాబట్టి, ఒక హద్దు దాటి కిందికి వచ్చాక పైలట్ మళ్లీ పైకి లేపే వీలుండదు. గడ్డి ఏపుగా పెరిగినా, వానకు నేల మెత్తబడినా ఆ పల్లెకు విమానం రాదు; అందుకే కత్తులతో గడ్డి కోసే ఊరివాళ్ల పనిని నేను పైలట్ నైపుణ్యంతో సమానంగా చూస్తాను. హెలికాప్టర్ ఇరుకుచోటులోనూ దిగుతుంది గానీ, గంటకయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

జవాబు (అక్కడ మూడేళ్లు పనిచేసిన వైద్యురాలు):
చిన్న విమానమైన సెస్నా కారవాన్‌లో సీట్లు తీసి స్ట్రెచర్‌ను నేలకు బిగిస్తారు. అయితే ఆ విమానంలో గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు. 10,000 అడుగుల ఎత్తులో గాలి, సముద్రమట్టంతో పోలిస్తే, దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది కనుక, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగికి ముందే గొట్టం వేసి ఆ గాలి తీయకుండా ఎక్కించడం ప్రాణాంతకం. మధ్యాహ్నానికి కనుమలను మబ్బు కప్పేస్తుంది కాబట్టి ప్రయాణాలన్నీ వీలైనంతవరకు ఉదయమే ముగించాలి.

ప్రశ్నించినవారు:
డాక్టర్ గారూ, రాత్రి పూట మాయ పడక రక్తం పోతుంటే?

వైద్యురాలు:
పల్లె రన్‌వేలకు దీపాలుండవు, తెల్లవారేదాకా ఆగాలి. రేడియోలో ఆరోగ్య కార్యకర్తకు ఏ మందు ఇవ్వాలో, కడుపును ఎలా మర్దించాలో చెబుతూ కూర్చున్న రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే ప్రమాదం ఉందనిపించిన గర్భిణులను నెల ముందే విమానంలో ఆసుపత్రి దగ్గరికి రప్పించి ఉంచేవాళ్లం. మన సాలూరు గర్భిణుల వసతిగృహం చేస్తున్నదీ ఇదే పని. మీ ప్రాంతానికి విమానం కన్నా ముందు అలాంటివి మరికొన్ని కావాలి.