లూపస్ ఉన్నవారికి సైటోకైన్ల పరీక్ష ఉపయోగపడుతుందా?

తిరుపతిలో ఉంటున్న మా చెల్లెలికి లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే వ్యాధి) అని నిర్ధారణ అయింది. ఏఎన్‌ఏ, యాంటీ-డీఎస్‌డీఎన్‌ఏ (సొంత కణాలకు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీల పరీక్షలు) రెండూ పాజిటివ్‌గా వచ్చాయి, కాంప్లిమెంట్లు అనే రక్త ప్రోటీన్లు సీ3, సీ4 తగ్గి ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లను (రోగనిరోధక కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లను) కూడా రక్తంలో చూపించుకోమని ఒక ల్యాబువారు చెబుతున్నారు. లూపస్ ఉన్న చాలామందిలో, సైటోకైన్లలోనే ఒక రకమైన టైప్-1 ఇంటర్‌ఫెరాన్ల ప్రభావం ఎక్కువగా ఉంటుందని, కణాలపై వాటి సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని అడ్డుకునే మందు అనిఫ్రోలుమాబ్‌కు 2021లో అమెరికాలో అనుమతి లభించిందని చదివాను కనుక ఈ ప్రోటీన్ల ప్రాముఖ్యాన్ని నేను కాదనను. అయితే ఇంటర్‌ల్యూకిన్-6 మామూలు ఇన్‌ఫెక్షన్‌లోనూ పెరుగుతుంది కదా, ఆ అంకెను చూసి వ్యాధి తిరగబెట్టిందని ఎలా అనుకోగలం? లూపస్ వల్ల మూత్రపిండాలు దెబ్బతింటాయేమోనన్నదే మా దిగులంతా. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చికిత్స పొందుతున్నవారు, రుమటాలజీ (కీళ్ల వ్యాధులు, లూపస్ వంటి వాటి వైద్యం) తెలిసినవారు దయచేసి చెప్పండి: మందుల మోతాదు మార్చేటప్పుడు మీ వైద్యులు సైటోకైన్లను లెక్కలోకి తీసుకున్నారా, లేక మూత్రంలో ప్రోటీన్, కాంప్లిమెంట్లు, యాంటీ-డీఎస్‌డీఎన్‌ఏలనే ఆధారం చేసుకున్నారా?