ఊళ్లో రెండు గుంటల నేల ఖాళీ: టమాట, వంకాయ, బెండ, మిరపల్లో ఏది వేయాలి?

హన్మకొండ_మేడతోట: డాబా మీద కుండీలకు ఇక చోటు లేదు. ఊళ్లో ఇంటి వెనుక రెండు గుంటలున్నాయి, నల్లరేగడి. ఈ నాలుగూ అసలు ఎక్కడి పంటలు, పిల్లలకు ఏది మంచిది, ఏది తేలిగ్గా వస్తుంది? చెప్పండి.

నర్సంపేట_మిరప: చపాటా వేయండి అక్కా. టమాటలా బొద్దుగా ఉంటుంది, కారం తక్కువ, పచ్చళ్లకు ఆ ఎరుపు ఇంకే మిరపా ఇవ్వదు. 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అనే ముద్ర, కూడా వచ్చింది. కాకతీయుల కాలం నుంచి మన నేల పంట ఇది.

కాజీపేట_చరిత్ర: చపాటా గొప్పదే. కాకతీయులను మాత్రం లాగొద్దు. ఓరుగల్లు పడిపోయింది 1323లో. మిరప పుట్టింది అమెరికా ఖండంలో, మెక్సికో వైపు. 1498లో వాస్కోడగామా వచ్చాక, పోర్చుగీసువాళ్ల ఓడల్లోనే అది మన దేశం చేరింది. రుద్రమదేవి వంటింట్లో కారం అంటే మిరియాలే.

నర్సంపేట_మిరప: తరాలుగా విత్తనం దాచుకున్నది మేము. 2021లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు ఏ చరిత్రకారుడూ చేనుకు రాలేదు. పువ్వు విప్పితే లోపల నల్లటి నలకలు కదిలేవి. పూతంతా రాలింది. మందు మీద మందు కొట్టి, చివరికి పీకి దున్నేశాం. మా పంటను పరాయిది అంటే ఒళ్లు మండుతుంది.

కాజీపేట_చరిత్ర: పరాయిది అనలేదు తమ్మీ. మంచి కాయను ఏరి, ఏటా విత్తనం కట్టి నిలబెట్టింది మీరే, ఆ గుర్తింపు మీదే. తేదీలు తేదీలే.

పరకాల_అక్క: ఇద్దరూ ఆపండి, ఆవిడ పిల్లల గురించి అడిగింది. పచ్చిమిర్చిలో సి విటమిన్ బాగా ఉంటుంది, ఎండితే చాలావరకు పోతుంది. టమాటను కాస్త నూనెలో మగ్గిస్తే అందులో ఎరుపునిచ్చే లైకోపీన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. కిడ్నీలో రాళ్లొస్తాయని మా అత్తమ్మ ఏళ్ల తరబడి టమాట వండనివ్వలేదు! ఆ రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్లు అంతకంటే ఎంతో ఎక్కువ ఉండేది పాలకూరలో, అదేమో రోజూ పెట్టేది.

జగిత్యాల_అగ్రి: నేను వ్యవసాయ డిగ్రీ చేశాను, నా మాట వినండి. టమాట, వంకాయ, మిరప ఒకే కుటుంబం. ఒకే మడిలో ఏటా తిప్పి తిప్పి ఇవే వేస్తే ఎండు తెగులు వదలదు. మధ్యలో బెండో చిక్కుడో వేయాలి. నీరు నిలిస్తే మిరప వేరు కుళ్లుతుంది, రేగడిలో ఎత్తు బోదెలు తప్పవు. వంకాయకు కాయతొలుచు పురుగు ఖాయం. కొన వాలితే లోపల పురుగుందన్నట్టే. తుంచి కాల్చేయండి, మగ పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టండి. ఈ పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయ వచ్చి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

మడికొండ_దేశవాళీ: 2010లో ప్రభుత్వం దాన్ని ఆపి మంచి పని చేసింది! వంకాయ మన దేశంలో పుట్టిన పంట, ఇన్ని రకాలున్నాయి. వాటిలోకి ఆ పుప్పొడి చేరితే వెనక్కి తీసుకోగలరా?

జగిత్యాల_అగ్రి: బంగ్లాదేశ్‌లో 2013 నుంచి అనుమతి ఉంది. అక్కడి రైతులు మనుషులు కారా?

హన్మకొండ_మేడతోట: బీటీకి వేరే చర్చ పెట్టుకోండి, దయచేసి. బెండ గురించి ఎవరూ సరిగ్గా చెప్పనేలేదు. చపాటా నారు ఎప్పుడు పోయాలి?

నర్సంపేట_మిరప: జూలై, ఆగస్టుల్లో పోసి, ఆరు వారాలకు నాటండి. విత్తనం మాత్రం కొనొద్దు. పోయినేడు ఒక దుకాణంలో చపాటా అని ఇచ్చిన ప్యాకెట్‌లో సన్నకాయ మొలిచింది. మా ఇంట్లో ఏరి ఎండబెట్టిన కాయలున్నాయి అక్కా, బస్సులో పంపిస్తా.