డైసల్ఫిరామ్ వాడుతుంటే అరికాళ్ళలో తిమ్మిర్లు: మాత్ర మార్చాలా?

బెంగళూరులో ఉన్న మా బావగారికి 46 ఏళ్ళు. తాగుడు మానేసి ఐదు నెలలు, రోజూ పొద్దున డైసల్ఫిరామ్ (మళ్ళీ తాగకుండా ఇచ్చే మాత్ర) 250 మి.గ్రా. మొదట్లో మగత, నోట్లో ఇనుప రుచి; అవి తగ్గాయి. ఇప్పుడు రెండు అరికాళ్ళలో తిమ్మిర్లు, చెప్పు జారిపోయినా తెలియట్లేదు. పాత తాగుడు నరాలను దెబ్బతీసిందనుకోవచ్చు, కానీ మానాక మొదలైంది కాబట్టి నా అనుమానం మాత్ర మీదే. బి12, షుగర్ నార్మల్. ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష) 62, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 0.9.

దీని బదులు అకాంప్రోసేట్ 333 అయితే రోజుకు ఆరు మాత్రలు. లివర్‌కి భారం లేదు, కానీ విరేచనాలు పట్టుకుంటాయేమో. అదీ కాక ఇంకో మందు నాల్ట్రెక్సోన్ 50తో వికారం ఎన్నాళ్ళుంటుంది? డైసల్ఫిరామ్ ఆపినా రెండు వారాలు చుక్క ముట్టకూడదని, ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ కూడా వద్దని తెలుసు. తిమ్మిర్లు తగ్గడానికి ఎవరికి ఎన్నాళ్ళు పట్టింది? బెంగళూరులోని మానసిక, నరాల వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో నరాల పరీక్ష చేయించినవాళ్ళుంటే, ముందు న్యూరాలజీకి వెళ్ళాలా, డీఅడిక్షన్ ఓపీకా? దయచేసి చెప్పండి.