రొయ్యల చెరువు పక్కన బోరు ఉప్పబడింది, ఇంకా లోతుకు దింపాలా?

పెన్నాగట్టు: మాది ఇందుకూరుపేట మండలం. పక్క పొలంలో రొయ్యల చెరువు వచ్చాక మా బోరు నీరు ఉప్పగా మారింది. అడుగున బంకమట్టి ఉంది, ఉప్పు దిగదని చెరువు వాళ్లంటున్నారు. ఇంకా లోతుకు దింపితే మంచినీరు పడుతుందా? పరీక్ష ఎక్కడ చేయిస్తారు?

కనిగిరి రైతు: ఉప్పును నాలుక పట్టేస్తుంది. మా ఫ్లోరైడ్‌కు రుచీ లేదు, వాసనా లేదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాకే ఊరికి తెలిసింది. గ్రానైటు పగుళ్లలో నీరు ఎంతకాలం నిలిస్తే రాతిలోని ఫ్లోరైడ్ అంత కరుగుతుంది. లోతు లోతు అని మా వైపు వాళ్లకు మాత్రం చెప్పకండి.

ఉదయగిరి మాస్టారు: మా నీటికి టీడీఎస్ మీటరు 400 చూపించింది. ఫ్లోరైడ్ లేనట్టే కదా?

కనిగిరి రైతు: కాదండీ! ఆ మీటరు మొత్తం లవణాలనే అంచనా వేస్తుంది. ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది దాటినా మీ 400లో తేడా కనిపించదు. మరిగించినా పోదు, ఇంకా చిక్కబడుతుంది.

భూజలం: భూగర్భజలాల పనిలోనే రిటైరయ్యాను, వినండి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. నీటిమట్టం సముద్రం కంటే మీటరు ఎత్తున ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలుస్తుంది. మోటార్లతో ఆ మీటరు తోడేస్తే ఉప్పునీరు పైకి వస్తుంది. లోతుకు దింపితే నేరుగా అందులోకే. బంకమట్టి నిజంగానే అడ్డుకుంటుంది, ఊరికే చెరువును తప్పుపట్టకండి.

విడవలూరు: ఏ బంకమట్టి సార్? మా ఊళ్లో గట్టు కోసిన చోట జానెడు మట్టి, కింద అంతా ఇసుక. ఆ ఇసుకలోంచి నీరు ఊరుతోంది, పక్క మడిలో నారు కొసలు మాడిపోయాయి. మోటార్లు రైతులకేనా ఉన్నాయి? చెరువులకు బోరు నీళ్లు తోడడం లేదా?

భూజలం: రైతులను నేనెక్కడ అన్నాను? లేని మాట అంటగట్టకండి. ఇసుక ఉంటే ఉప్పు దిగుతుంది, నీటిమట్టం వాలు ఎటుంటే అటు నడుస్తుంది. 1856లో ఫ్రెంచి ఇంజనీరు డార్సీ తేల్చిన విషయమే ఇది. చెరువుకూ బోరుకూ మధ్య పైనీటిలోనే క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేది, ఎక్కువుంటే చెరువును అనుమానించాలి. లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంటే కింది ఉప్పునీరు.

విడవలూరు: ఈ మాట మొదటే చెప్పవలసింది.

చీమకుర్తి: క్వారీ గుంటలోంచి నీరు తోడుతుంటే మా బావి ఎండిపోయింది. దాని గురించి ఎవరైనా చెప్పండి.

పెన్నాగట్టు: చెరువుకూ బోరుకూ మధ్యలో మా పాత దొరువు (లోతులేని నీటిగుంట) ఉంది, దాని నీళ్లు పట్టిస్తాను. పరీక్ష ఎక్కడో చెప్పలేదు.

కనిగిరి రైతు: గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో. బోరు నీళ్లు వేరే సీసాలో పట్టండి.

ఉదయగిరి మాస్టారు: ఫ్లోరైడ్ కూడా అక్కడే చూస్తారా?