కొలంబస్‌లో రైల్వే స్టేషను ఎందుకు లేదు? అమెరికాలో రైలు ప్రయాణంపై మీ అనుభవాలు చెప్పండి

తెనాలి వాసి (కొలంబస్, ఒహాయో)

మా నాన్నగారు దక్షిణ మధ్య రైల్వే విజయవాడ డివిజనులో గూడ్సు గార్డుగా ముప్ఫై రెండేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశారు. పోయిన నెల అమ్మతో కలిసి మా ఇంటికి వచ్చారు. షికాగో చూడాలని ఉందని, అయితే కారులోనో విమానంలోనో కాకుండా రైలులోనే తీసుకువెళ్ళమని అడిగారు. ఈ ఊళ్ళో ప్రయాణికుల రైలు ఆగదని నేను చెబితే ఆయన నమ్మలేదు. తొమ్మిది లక్షల జనాభా ఉన్న రాష్ట్ర రాజధానికి చివరి రైలు 1979లో ఆగిపోయిందంటే ఎవరు మాత్రం నమ్ముతారు? పాత యూనియన్ స్టేషనును కూల్చివేయగా మిగిలిన ఒక్క కమానును అరీనా డిస్ట్రిక్ట్‌లోని పార్కులో నిలబెట్టారు కదా, చివరకు అక్కడికి తీసుకువెళ్ళాను. ఆయన కమాను కింద చాలాసేపు నిలబడి, "పట్టాలు ఏ వైపున ఉండేవి?" అని అడిగారు. నాకు చెప్పడం తెలియలేదు.

ఇంటికి వచ్చాక చదివితే, 2010లో క్లీవ్‌ల్యాండ్, కొలంబస్, డేటన్, సిన్సినాటీలను కలిపే రైలు కోసం కేంద్రం 40 కోట్ల డాలర్లు మంజూరు చేసిందనీ, గవర్నరుగా అప్పుడే ఎన్నికైన జాన్ కేసిక్ ఆ పథకం వద్దనడంతో ఆ డబ్బు ఇతర రాష్ట్రాలకు పోయిందనీ తెలిసింది. ఆ రోజుల్లోనే విస్కాన్సిన్, కొన్ని నెలల తరువాత ఫ్లోరిడా కూడా ఇలాగే నిధులు వదులుకున్నాయి. ఇచ్చిన డబ్బు వద్దనేంతగా ఇక్కడ రైలు ఎందుకు నిలదొక్కుకోలేకపోతోంది? "అమెరికావాళ్ళకు కార్లంటే ఇష్టం" అనే జవాబు నాకు సరిపోవడం లేదు. రైలెక్కినవారు, ఎక్కాలనుకుని మానుకున్నవారు మీ అనుభవాలు రాయగలరు.

గోదావరి గట్టు (ఒమాహా, నెబ్రాస్కా)

తెనాలి వాసి గారూ, మీ నాన్నగారికి ఈ దేశపు రైళ్ళ సంగతి అందరికంటే త్వరగా అర్థమవుతుంది. వారు తమ ఉద్యోగకాలంలో వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇవ్వడానికి గూడ్సుతో సహా లూపు లైనులో, అంటే బండ్లు తప్పుకోవడానికి వేసిన పక్క లైనులో, ఎన్ని రాత్రులు గడిపి ఉంటారో! ఇక్కడ అది తలకిందులుగా జరుగుతుంది.

రెండేళ్ళ క్రితం వేసవిలో పిల్లలతో ఒక దూరప్రాంతపు రైలెక్కాము. మొదటి రాత్రి హాయిగా గడిచింది, ఉదయం అద్దాల పెట్టెలో కూర్చుని కొండలు చూడవచ్చునని పిల్లలు ఎదురుచూశారు. తెల్లవారేసరికి మా బండి ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య లూపులో ఆగి ఉంది. ఎదురుగా గూడ్సు వచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటెయినర్లతో అది సాగుతూనే ఉంటే, పిల్లలు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట నలభై దగ్గర విసిగి మానేశారు. అది పోయాక మరొకటి వచ్చింది. మొత్తం మీద అయిదు గంటలు ఆలస్యంగా దిగాము. మా అద్దె కారు కార్యాలయం మూసివేసి ఉండటంతో ఆ రాత్రి మరో హోటలుకు డబ్బు కట్టవలసి వచ్చింది.

తిరిగి వచ్చాక నేను దీని వెనక కథంతా చదివాను. భారతదేశంలో పట్టాలు, బండ్లు రెండూ ప్రభుత్వానివే. ఇక్కడ పట్టాలన్నీ దాదాపుగా సరకు రవాణా చేసే ప్రైవేటు కంపెనీలవి. ఒకప్పుడు ప్రయాణికుల బండ్లను కూడా ఆ కంపెనీలే నడిపేవి. హైవేలు, విమానాలు వచ్చాక వాటికి నష్టాలు మొదలయ్యాయి. 1967లో తపాలా శాఖ ఉత్తరాలను రైళ్ళలో వేరుచేసే పద్ధతిని చాలావరకు మానుకోవడంతో, ఆ బండ్లను నిలబెడుతున్న ఆదాయం కూడా పోయింది. అప్పుడు ప్రభుత్వం 1970లో చట్టం చేసి, 1971 మే 1 నుంచి ఆమ్‌ట్రాక్ అనే సంస్థను నడపడం మొదలుపెట్టింది. ప్రయాణికుల భారం దిగిపోయిన కంపెనీలు అందుకు ప్రతిఫలంగా తమ పట్టాల మీద ఆమ్‌ట్రాక్ బండ్లను నడవనివ్వాలన్నది ఒప్పందం. ఈనాటికీ ఆమ్‌ట్రాక్ బండ్లు తిరిగే దూరంలో సుమారు 70 శాతం ఇతరుల పట్టాల మీదే ఉంటుంది.

ప్రయాణికుల రైలుకే ముందు దారి ఇవ్వాలని 1973 నుంచి చట్టంలో స్పష్టంగా ఉంది. అయితే ఆ నియమాన్ని ఉల్లంఘించిన కంపెనీ మీద కేంద్ర న్యాయశాఖ తప్ప ఆమ్‌ట్రాక్ స్వయంగా కోర్టుకు వెళ్ళడానికి వీల్లేదు. న్యాయశాఖ అలా వెళ్ళింది యాభై ఏళ్ళలో రెండే సార్లు, 1979లో ఒకసారి, 2024లో ఒకసారి. పైగా ఇప్పుడు గూడ్సులు రెండు మూడు మైళ్ళ పొడవు ఉంటున్నాయి. చాలా చోట్ల ఉన్నది ఒకటే లైను. పాత లూపులు అంత పొడవు బండిని పట్టవు కాబట్టి, బండ్లకు దారి నిర్ణయించే కంట్రోలరుకు మనసున్నా సరే, లూపులో పట్టే ప్రయాణికుల బండినే పక్కకు తప్పించక తప్పదు. సరకు రవాణాలో ఈ దేశపు రైల్వేలు నిజంగా గొప్పవని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ గొప్పతనానికి మూల్యం చెల్లిస్తున్నది ప్రయాణికుడే.

మెట్రోపార్క్ ఉదయం (ఎడిసన్, న్యూజెర్సీ)

పై మిత్రుడు చెప్పినదానికి మా ప్రాంతమే రుజువు. బోస్టన్ నుంచి వాషింగ్టన్ వరకు ఉన్న 457 మైళ్ళ మార్గంలో ఎక్కువ భాగం ఆమ్‌ట్రాక్ సొంతం. మా వైపు నాలుగు లైన్లు పక్కపక్కన ఉంటాయి. నేను పదకొండేళ్ళుగా ఇక్కడి మెట్రోపార్క్ స్టేషను నుంచి న్యూయార్క్‌కు రైలులోనే ఉద్యోగానికి వెళ్తున్నాను. ఉదయం ప్లాట్‌ఫారం మీద తలుపులు ఎక్కడ ఆగుతాయో తెలిసినవాళ్ళు ఆయా చోట్ల ముందే వరుసగా నిలబడతారు. వారిలో మన తెలుగువాళ్ళు డజనుకు తక్కువ ఉండరు. ఇక్కడ రైలు ఎందుకని ఎవరూ అడగరు. న్యూయార్క్, వాషింగ్టన్‌ల మధ్య విమానాలన్నిటిలో కలిపి వెళ్ళేవారికంటే రైలులో వెళ్ళేవారే ఎక్కువ. బండ్లు తరచుగా ఉంటే, దిగిన చోట నుంచి నడిచో మెట్రో ఎక్కో గమ్యం చేరగలిగితే, అమెరికావాడైనా రైలే ఎక్కుతాడు.

ఇక్కడా ఇబ్బందులు లేకపోలేదు. హడ్సన్ నది కింద ఉన్న రెండు గొట్టాల సొరంగం 1910 నాటిది. 2012లో శాండీ తుఫానుకు అందులోకి ఉప్పునీరు చేరి కేబుళ్ళను, కాంక్రీటును ఇప్పటికీ తినేస్తోంది. ఒక గొట్టంలో చిన్న లోపం వచ్చినా వేలమంది ప్లాట్‌ఫారాల మీద నిలిచిపోతారు. ఛార్జీల సంగతి కూడా చెప్పాలి. దూరప్రాంతపు టిక్కెట్టు ధర విమానం టిక్కెట్టులాగే రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. నేనొక్కడినే వాషింగ్టన్ వెళ్ళేటప్పుడు రైలే ఎక్కుతాను, కుటుంబంతో వెళ్ళేటప్పుడు మాత్రం కారు తీస్తాను. నలుగురికి నాలుగు టిక్కెట్లు కొనాలి, కారులో నలుగురు కూర్చున్నా పెట్రోలు ఖర్చు ఒకటే.

నల్లరేగడి (ప్లేనో, టెక్సస్)

నాకు సమస్య రైలు దిగాకనే మొదలవుతుందనిపిస్తోంది.

డాలస్ నుంచి హ్యూస్టన్‌కు 240 మైళ్ళు. సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా విజయవాడకు ఉన్న రైలు దూరం కంటే కొంచెం ఎక్కువ, అంతే. రెండు మహానగరాల మధ్య నేరుగా వెళ్ళే ప్రయాణికుల రైలు ఒక్కటి కూడా లేదు. అంత పెద్ద హ్యూస్టన్‌కు న్యూ ఆర్లీన్స్, లాస్ ఏంజెలెస్‌ల మధ్య తిరిగే ఒకే రైలు ఉంది, అది కూడా వారానికి మూడు రోజులు. మా అక్కావాళ్ళు హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటారు. రేపు బుల్లెట్ రైలు వచ్చి గంటన్నరలో నన్ను హ్యూస్టన్‌లో దింపిందనుకుందాం. అక్కడి నుంచి కేటీకి ముప్ఫై మైళ్ళు ఎలా వెళ్ళాలి? బావగారు పని మానుకుని కారులో రావాలి. ఇక్కడ మా ఇంటి నుంచి స్టేషనుకు మరొకరు దింపాలి. ఇవన్నీ కలుపుకుంటే, నాలుగు గంటల్లో ఇంటి ముందు నుంచి ఇంటి ముందుకు చేర్చే కారును ఎలా వదులుకుంటాను?

ఇది మన సోమరితనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1956 చట్టంతో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం 41,000 మైళ్ళ హైవేలు తలపెట్టి, ఖర్చులో 90 శాతం కేంద్రమే భరించింది. పెట్రోలు పన్ను నేరుగా రోడ్ల నిధికి చేరింది. రైలు పట్టాలకు అటువంటి నిధి ఏదీ ఏర్పడలేదు. హైవే పక్కన ఇళ్ళు లేచాయి, ఇళ్ళ చుట్టూ దుకాణాలు దూరదూరంగా వచ్చాయి. నా కూతురి బడికి నడిచి వెళ్ళడానికి ఇప్పటికీ కాలిబాట లేదు. ఇలా కట్టుకున్న ఊళ్ళలో స్టేషను ఎక్కడ పెట్టినా అది ఎవరి ఇంటికీ దగ్గర కాదు. వర్జీనియాలోని లోర్టన్ నుంచి ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌కు ఆటో ట్రైన్ అని ఒక బండి నడుస్తుంది. అందులో మనతోపాటు మన కారును కూడా ఎక్కించుకుంటారు. దిగాక కారు లేకుండా గడవదని రైలే గుర్తించిందంటే, అంతకంటే చెప్పవలసింది ఏముంది?

నేపర్విల్ మాస్టారు (నేపర్విల్, ఇలినాయ్)

వేగం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక్క మాట. 1946 ఏప్రిల్‌లో మా ఊరి స్టేషను దగ్గర ఆగి ఉన్న బండిని వెనక నుంచి వేగంగా వచ్చిన మరో బండి ఢీకొని 40 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత, గంటకు 80 మైళ్ళు లేదా అంతకు మించిన వేగంతో నడపాలంటే ఇంజనులోనే సిగ్నలు కనిపించే ఏర్పాటో, బండిని తనంతట తానే ఆపే ఏర్పాటో ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. చాలా కంపెనీలు ఆ ఖర్చు పెట్టకుండా వేగాన్ని 79 మైళ్ళకు, అంటే సుమారు 127 కిలోమీటర్లకు తగ్గించుకున్నాయి. దేశంలో చాలా మార్గాల్లో నేటికీ అదే గరిష్ఠ వేగం. విజయవాడ–గూడూరు మార్గంలో ఇప్పుడు 130 అనుమతిస్తున్నారని మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. మా షికాగో–సెయింట్ లూయిస్ మార్గంలో 2023 నుంచి 110 మైళ్ళ వేగం వచ్చింది.

తెనాలి వాసి గారూ, మీరు షికాగో వస్తే యూనియన్ స్టేషనులో దిగుతారు. మా ఊరికి లోకల్ బండ్లు అక్కడి నుంచే బయలుదేరతాయి, బండి మారితే చాలు. మా ఇంట్లో దిగండి, స్టేషనుకు నేను వస్తాను.

కృష్ణాతీరం (కేరీ, నార్త్ కెరొలైనా)

ఆశ కలిగించే అనుభవం ఒకటి నేను చెబుతాను. మా ఇంటి నుంచి కేరీ స్టేషనుకు పది నిమిషాలు, అక్కడ కారు పెట్టుకోవడం ఉచితం. షార్లెట్‌కు సుమారు మూడు గంటలు. మా తమ్ముడు అక్కడే ఉండటంతో నేను ఏడాదికి ఏడెనిమిదిసార్లు వెళ్తాను. మొదట్లో రోజుకు ఒకటి రెండు బండ్లే ఉన్నప్పుడు నేను కూడా కారే తీసేవాణ్ణి. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావడానికి వీలున్నన్ని బండ్లు వచ్చాకనే అలవాటు మారింది. పెట్టెలో కూర్చుని పని చేసుకుంటాను, రాలీలో ఎక్కిన విద్యార్థులు గ్రీన్స్‌బరోలో దిగుతారు, బండి ఖాళీగా కనిపించదు.

దీనికి కారణం వెతికితే గోదావరి గట్టు గారి మాటే మళ్ళీ ఎదురవుతుంది. రాలీ నుంచి షార్లెట్ వరకు పట్టాలు వేసిన భూమి రాష్ట్రానిది. గూడ్సులు అద్దెకు నడుస్తాయి. 2008 చట్టం ప్రకారం 750 మైళ్ళలోపు మార్గాల నష్టాన్ని రాష్ట్రాలే భరించాలి. ఈ రాష్ట్రం, పార్టీలు మారినా, ఆ ఖర్చు మానలేదు. ఒహాయో 2010లో కాదన్నది, తేడా అక్కడే ఉంది. అయితే 2023 డిసెంబరులో మీ క్లీవ్‌ల్యాండ్–కొలంబస్–సిన్సినాటీ మార్గాన్ని కేంద్రం మళ్ళీ పరిశీలనకు తీసుకుని, ప్రణాళిక కోసం అయిదు లక్షల డాలర్లు ఇచ్చింది. మీ శాసనసభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. మేము ఇక్కడ రాశాము.

తెనాలి వాసి (కొలంబస్, ఒహాయో)

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. మూడు మైళ్ళ గూడ్సు సంగతి రాగానే నన్ను ఆపి, "అంత పొడవు బండికి వెనక బ్రేక్‌వ్యాన్‌లో గార్డు ఉంటాడా?" అని అడిగారు. ఇక్కడ బ్రేక్‌వ్యాన్‌లు 1980లలోనే చాలావరకు పోయాయనీ, చివరి పెట్టెకు ఎర్రదీపం ఉన్న ఒక పరికరం బిగించి బ్రేకుల గాలి ఒత్తిడిని ఇంజనుకు తెలియజేస్తారనీ చెప్పాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, లూపు పట్టనంత పొడవు బండిని పంపడం తప్పు కదా, కంట్రోలులో ఎవరూ అడగరా అన్నారు.

షికాగో ప్రయాణం ఖాయమైంది. టొలీడో వరకు కారులో వెళ్ళి అక్కడ రైలెక్కుతాము. బండి తెల్లవారుజామున కాబట్టి ఇంట్లో రాత్రి రెండింటికి బయలుదేరాలి. మాస్టారు గారూ, మీ ఆహ్వానానికి అమ్మ చాలా సంతోషించింది. ఆలస్యమవుతుందేమోనని రెండు పూటలకు సరిపడా పులిహోర కలుపుతానంటోంది. బండి లూపులో ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో నాన్నగారు చిన్న పుస్తకంలో రాస్తానన్నారు. తిరిగి వచ్చాక ఆ వివరాలు ఇక్కడే పెడతాను.